ఊపిరి లెక్క

ఆయా మంచమెక్కి పడుకుంది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆస్పత్రి మంచం మీద నడుం వాల్చడం ఆమెకి ఇదే మొదలు. దుప్పటి గడ్డందాకా లాక్కుని, "ఎంతసేపు పడుకోవాలమ్మా?" అని అడిగింది. ఎంత ఎక్కువ చెబితే అంత సంతోషపడేలా ఉంది.

"పద్నాలుగు మంది అయ్యేదాకా. నిద్రపోయావంటే ఊరుకోను," అంది హెడ్ సిస్టర్. "కాస్త ఆయాసం వచ్చినదానిలా గబగబా ఊపిరి తియ్యి. ఎవరొచ్చినా మార్చకు."

ఆస్పత్రిలో నర్సుల ఖాళీలు పద్నాలుగు. పత్రికలన్నిటిలో ప్రకటన వేస్తే వచ్చినవాళ్ళూ లెక్కపెట్టినట్టు పద్నాలుగు మందే. బయట బల్లమీద వరసగా కూర్చుని, సర్టిఫికెట్లున్న కవర్లు ఒళ్ళో పెట్టుకుని, లోపలికి వెళ్ళినవాళ్ళు ఏ మొహంతో బయటికొస్తున్నారా అని చూస్తున్నారు.

పరీక్ష ఏమంత కష్టమైంది కాదు. రబ్బరు చేతికి సూది గుచ్చాలి, సెలైన్ చుక్కలు సరిచేయాలి, దుప్పటి మార్చాలి. చివర్లో ఆయా దగ్గర నిలబడి జ్వరం, నాడి, రక్తపోటు, ఊపిరి చూసి చార్టులో నాలుగు గళ్ళు నింపాలి. హెడ్ సిస్టర్ అసలు చూసేది ఆ నాలుగో గడినే. థర్మామీటరుంటే జ్వరం తెలుస్తుంది. రక్తపోటుకి మిషనుంది, నాడికి వేళ్ళున్నాయి. ఊపిరికి ఏ వస్తువూ అక్కర్లేదు, ఒక్క నిమిషం ఊరికే నిలబడి రోగి ఛాతీ ఎన్నిసార్లు పైకి లేచిందో చూస్తే చాలు. అందుకే దాన్ని ఎవరూ చూడరు. ఏ ఆస్పత్రి చార్టు తీసినా ఆ గడిలో ఇరవై అని ఉంటుంది. ఆ చార్టులే నిజమైతే లోకంలో జబ్బుపడ్డ మనుషులందరూ కూడబలుక్కుని ఒకే తాళానికి ఊపిరి తీస్తున్నారన్నమాట.

ఆయా నిమిషానికి ముప్పై తీస్తోంది. మూలన నిలబడి హెడ్ సిస్టర్ ప్రతిసారీ తన గడియారంతో సరిచూసుకుంటూనే ఉంది.

మొదటి అమ్మాయి ఇరవై వేసింది. రెండో అమ్మాయీ ఇరవయ్యే. మూడో అమ్మాయి నిలబడి, పెదవులు కదుపుతూ, పూర్తిగా నిమిషం లెక్కపెట్టి ఇరవై తొమ్మిది రాసింది. హెడ్ సిస్టర్‌కి ఆ పిల్లని కావిలించుకోవాలనిపించింది. కానీ మొహం గంటుపెట్టుకునే, "వెళ్ళు, తరవాతివాళ్ళని పంపు," అంది.

పదకొండోది పొడుగాటి మనిషి, ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతుల్లో తడబాటు లేదు. సూది ఒక్క దెబ్బలో నరంలోకి వెళ్ళింది. దుప్పటి మూలలు మడిచిన తీరు చూసి పడుకున్న ఆయానే తలెత్తి మెచ్చుకుంది. ఇంకేం, అప్పటికి నెగ్గిన ఐదుగురికి తోడు ఆరో మనిషి దొరికిందనుకుంటుండగా ఆ పొడుగావిడ నాడి చూసి, రక్తపోటు చూసి, నాలుగో గడిలో అలవోకగా ఇరవై వేసి పెన్ను మూత పెట్టేసింది. హెడ్ సిస్టర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎర్రపెన్నుతో ఆ కాగితం మీద అడ్డంగా గీత కొట్టింది.

సాయంత్రానికి లెక్క తేలింది. ఎనిమిదిమంది ఇరవై అన్నారు. ఒకమ్మాయి మరీ అందరిలా ఉండకూడదని కాబోలు, చూడకుండానే ఇరవై రెండు వేసింది. నిజంగా లెక్కపెట్టినవాళ్ళు ఐదుగురు.

సూపరింటెండెంట్ ఆ జాబితా తిప్పి వెనకాల కూడా చూశాడు, మిగతా పేర్లు అక్కడేమైనా ఉన్నాయేమోనని.

"ఐదా? సిస్టర్ గారూ, నేను పద్నాలుగు అడిగితే మీరు ఐదంటారా? బేరమా ఇది?"

"పనొచ్చినవాళ్ళు ఐదుగురేనండీ."

"మీ వార్డులో ముప్పై ఆరు మంచాలకి పూటకి ముగ్గురు. మనుషుల్లేరు, మనుషుల్లేరు అని రెండేళ్ళుగా నా ప్రాణం తోడేసింది మీరే కదా?"

"మనుషులు కావాలన్నానండీ. తెల్లబట్టలు కట్టుకుని తిరిగే బొమ్మలు కాదు."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఒకప్పుడు మంచి సర్జను. ఇప్పుడు ఆ చేతులు ఫైళ్ళ తాళ్ళు విప్పడానికీ కట్టడానికీ సరిపోతున్నాయి. "శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు. ఆలోగా పేర్లు వెళ్ళకపోతే ఖాళీలు రద్దు. ఇంకోసారి ఇవ్వరు."

"ఇంకోసారి ప్రకటన వెయ్యండి."

"వేస్తే ఎవరొస్తారమ్మా? వీళ్ళే వస్తారు, కాకపోతే ఇంకాస్త వయసు మీదపడి."

హెడ్ సిస్టర్ పట్టిన పట్టు వదల్లేదు. రోగి ఊపిరి చూడనివాళ్ళు పదిమంది ఉంటే ఎంత, పాతికమంది ఉంటే ఎంత అంది. వాళ్ళని వార్డులోకి తెచ్చుకుంటే తప్పుడు చార్టులు ఇంకో నాలుగు పెరుగుతాయి తప్ప ఒరిగేదేమీ లేదంది. ఆయన ఒక తెల్లకాగితం ఆమెవైపు తోసి, "సరే, అదే రాసివ్వండి, మీ మాటల్లోనే," అన్నాడు. ఆమె అక్కడే నిలబడి రాసింది. సంఖ్య కన్నా సామర్థ్యం ముఖ్యం అని మొదలుపెట్టింది. రాశాక తనకే ముచ్చటేసింది. కిందికి దిగుతుంటే చాలా రోజుల తరవాత మెట్లు కాళ్ళకి తేలిగ్గా అనిపించాయి.

ఆ తేలిక మర్నాటి పొద్దున్నే పోయింది. వార్డులో అందరూ పిచ్చుక అని పిలిచే చిన్న సిస్టర్ ఒకతె ఉంది. మనిషి పిడికెడంత, ఒకచోట నిలవదు. బెడ్‌పాన్ పట్టుకుని పరిగెడుతూనే అడిగింది. "ఐదుగురేనట కదమ్మా?"

"ఐదుగురే. మెరికల్లాంటివాళ్ళు."

"మిగతా తొమ్మిదిమందీ ఊపిరి లెక్కపెట్టకపోతే పోయె, దుప్పట్లన్నా మార్చేవారు కదమ్మా. నా నడుం పోతోంది."

"నువ్వు కూడా అదే మాటా?"

పిచ్చుక అప్పటికే పరుగందుకుంది. తొమ్మిదో మంచం దగ్గర ఎవరో పిలుస్తున్నారు.

పదకొండు గంటలకి వార్డు గుమ్మం దగ్గర ఆ పొడుగావిడ నిలబడి ఉంది. చేతిలో అదే కవరు.

"మేడమ్, నేను ఎక్కడ తప్పానో తెలుసుకుందామని వచ్చాను. పోట్లాటకి రాలేదు."

"ఊపిరి ఎంత రాశావు?"

ఆవిడకి గుర్తులేదు. ఆలోచించి, "ఇరవై అయ్యుంటుందండీ," అంది.

"ఆయా ముప్పై తీసింది. నువ్వు చూడలేదు. పరీక్షలోనే చూడనిదానివి వార్డులో చూస్తావా?"

పొడుగావిడ మొహం ఎర్రబడింది. అయినా తల దించుకోలేదు. "పదకొండేళ్ళు ఒక నర్సింగ్ హోమ్‌లో చేశాను మేడమ్. నలభై మంచాలకి నేనొక్కదాన్ని. జ్వరం చూసేసరికే తెల్లారిపోయేది. మొదట్లో ఊపిరి లెక్కపెట్టేదాన్ని. తరవాత అరనిమిషం చూసి రెట్టింపు చేసేదాన్ని. ఆ తరవాత…" ఆగింది. "నిన్న మీరు ఎదురుగా నిలబడి ఉన్నా, ఎవరూ తరమకపోయినా, నిమిషం నిలబడొచ్చన్న సంగతే నాకు తట్టలేదు. ఇంటికెళ్ళాక తట్టింది. అదొక్కటి చెప్పాలని వచ్చాను."

అందరూ చెప్పేదే, అనుకుంది హెడ్ సిస్టర్. అలవాటు తప్పింది అనడానికి ఇంత పొడుగు మాటలెందుకు! "జాబితా వెళ్ళిపోయిందమ్మా," అని లోపలికి తిరిగింది. జాబితా ఎక్కడికీ వెళ్ళలేదు, సూపరింటెండెంట్ బల్లమీదే ఉంది. అంత అబద్ధం ఎందుకాడానా అని మధ్యాహ్నందాకా ఆమెని ఒకటే తొలుస్తూ ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లో కాలు గాలిన పిల్లిలా తిరిగింది. గిన్నెలు కడిగినవే మళ్ళీ కడిగింది. ఆమె భర్త కారు నడపడం నేర్పే బడిలో మాస్టారు. వరండాలో చెప్పులు విప్పుతూ, "ఇవాళ ఎవర్ని ఫెయిల్ చేశావు?" అన్నాడు నవ్వుతూ.

"మీకు అన్నీ ఎకసెక్కాలే. మీరెవర్నీ ఫెయిల్ చెయ్యరా?"

"నా దగ్గరికొచ్చే ప్రతివాడూ మొదటిరోజు గోడని గుద్దేవాడే. అందర్నీ ఫెయిల్ చేస్తే నేను కూరగాయలమ్ముకోవాలి." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నా కాలికింద ఇంకో బ్రేకు ఉంటుందిగా. వాడు మర్చిపోతే నేను తొక్కుతా. మూడు నెలలు అలా తొక్కానంటే నాలుగో నెల వాడే తొక్కుతాడు."

"మనుషుల ప్రాణాలండీ. మీ డొక్కు కారు కాదు."

"కారులో ఉండేవీ ప్రాణాలేనే పిచ్చిదానా. అందులో ఒకటి నాది."

ఆమెకి కోపమొచ్చింది. ఆ రోజు అన్నం వడ్డించేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఆయన దాన్ని పట్టించుకోలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న విద్యల్లో అదొకటి.

గురువారం పొద్దున డ్యూటీ చీటీ మీద మూడు పేర్లున్నాయి, వార్డులో ఒక్క పిచ్చుకే ఉంది. ఒకావిడకి జ్వరం. ఇంకొకావిడని ఆపరేషన్ థియేటర్‌కి మనిషి తక్కువైందని పిలుచుకుపోయారు. హెడ్ సిస్టర్ కుర్చీలోంచి లేచి, రిజిస్టరు మూసి, "అటు పద్దెనిమిది నీవి, ఇటు పద్దెనిమిది నావి. పద," అంది.

డాక్టరు పదిన్నరకి వస్తాడు. ఆలోగా చార్టులు నిండాలి. ఒకటి, రెండు, మూడు. చంకలో థర్మామీటరు, మణికట్టు మీద వేళ్ళు, జబ్బకి పట్టీ, పెన్ను. నాలుగో మంచంలో సెలైన్ అయిపోయి గొట్టంలో రక్తం వెనక్కి ఎక్కుతోంది. మార్చింది. ఆరో మంచం పిల్ల వాంతి చేసుకుంది. తుడిచింది. ఫోను మోగుతోంది, మోగనీ. ఎనిమిదో మంచం ఆవిడ పొద్దుటి మాత్రలు రాలేదంటోంది. తొమ్మిదో మంచం ముసలమ్మ పక్క కమ్మీల మీదనుంచి కాలు కిందికి వేలాడేసింది. పరిగెత్తి పట్టుకుంది. పదమూడు. పద్నాలుగు. పెన్నులో సిరా అయిపోతే పిచ్చుక జేబులోంచి ఇంకోటి లాక్కుంది. పదిహేను, పదహారు.

పదిహేడో మంచంలో టీచరమ్మ. పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఊపిరితిత్తుల్లో నిమ్ముతో వచ్చి నాలుగు రోజులైంది. పక్కన స్టూలు మీద ఆవిడ చెల్లెలు అక్క జుట్టు దువ్వుతోంది.

"సిస్టరమ్మా… నిన్నటికంటే… కాస్త…" అంది టీచరమ్మ.

"జ్వరం దిగింది టీచరుగారూ. భేషుగ్గా ఉన్నారు." గళ్ళు నాలుగూ నింపేసి హెడ్ సిస్టర్ పద్దెనిమిదికి వెళ్ళిపోయింది. డాక్టరు వచ్చేసరికి ముప్పై ఆరు చార్టులూ సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఒక్కో చార్టూ తిరగేసి, పదిహేడు దగ్గర బాగుందన్నట్టు తలూపి ముందుకు సాగాడు. ఇద్దరే ఉన్నా పని ఆగలేదని ఆమె లోపల్లోపల గర్వపడింది కూడా.

పన్నెండున్నరకి చెల్లెలి అరుపు వినిపించింది.

టీచరమ్మ పెదాలు నీలంగా మారాయి. మెడ దగ్గర గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు పరిగెత్తుకొచ్చి తానే నిలబడి లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిది. మంచం చక్రాల బ్రేకులు విప్పి ఐసీయూకి తోస్తూ చార్టు అందుకున్నాడు. "పదింటికి ఇరవయ్యా? రెండున్నర గంటల్లో ఇరవై నుంచి ఇక్కడికి రాదు. ఎవరు చూశారు ఇది?"

పిచ్చుక పక్కనే ఉంది. ఎవరూ ఏమీ అనకముందే ఆయన ఆమెవైపు తిరిగాడు. "కళ్ళు ఎక్కడ పెట్టుకుని రాశావు? పొద్దునే చెప్పుంటే ఇక్కడే ఆపేవాళ్ళం!"

పిచ్చుక చార్టు వైపు చూసింది. ఆ చేతిరాత ఎవరిదో ఆమెకి తెలుసు. నేల చూపులు చూస్తూ ఊరుకుంది. హెడ్ సిస్టర్ నోరు తెరిచింది. మాట రాలేదు. మంచం వార్డు దాటింది, మలుపు తిరిగింది, ఇంకా రాలేదు.

తిరిగొచ్చి మిగతా పదిహేడు చార్టులూ తీసింది. ఒకటో మంచం ఇరవై. రెండు, ఇరవై. ఆరో మంచంలో వాంతి చేసుకున్న పిల్లకి ఇరవై. కమ్మీల మీదనుంచి దిగబోయిన ముసలమ్మకీ ఇరవయ్యే. అన్నీ తన గుండ్రటి అంకెలే. ఒక్కరి ఛాతీ వైపూ చూసిన గుర్తు ఆమెకి లేదు. అన్నిటికన్నా భయం వేసింది ఎక్కడంటే, చూడకుండా రాస్తున్నానని కూడా ఆ గంటసేపట్లో ఒక్కసారీ తనకి తట్టలేదు. టీచరమ్మ మూడు మాటలకి మూడుసార్లు ఆగింది. అది చాలదా? ముప్పై ఏళ్ళ సర్వీసు ఏ గంగలో కలిసింది?

సాయంత్రం డ్యూటీ దిగుతూ పిచ్చుక, "ఫర్వాలేదమ్మా, తిట్లు నాకు అలవాటే," అంది. నిజంగానే అంది, ఎత్తిపొడుపు లేదు. అది విన్నాక హెడ్ సిస్టర్‌కి ఏడుపొచ్చింది. ఐసీయూ బయట బల్లమీద టీచరమ్మ చెల్లెలు ఒక్కతే కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన కూర్చుంది.

"పొద్దున మీరే చూశారు కదమ్మా," అంది ఆవిడ. "భేషుగ్గా ఉందన్నారు."

"నేను చూడలేదమ్మా. చూసినట్టు రాశాను."

ఆవిడ ఇటు తిరిగింది. దువ్వెన ఇంకా చేతిలోనే ఉంది. "అలా ఎందుకు రాశారు?" అంది. ఆ ప్రశ్నకి హెడ్ సిస్టర్ దగ్గర జవాబు లేక కాదు. ఏది చెప్పినా నిన్న పొడుగావిడ చెప్పిందే అవుతుంది.

శుక్రవారం పొద్దున ఐసీయూలో టీచరమ్మ కళ్ళు తెరిచింది. గండం గడిచిందని ఎవరూ అనలేదు, గడవదనీ అనలేదు. హెడ్ సిస్టర్ అక్కణ్ణుంచి నేరుగా పై అంతస్తుకి వెళ్ళింది.

సూపరింటెండెంట్ ఎదురొచ్చినంత పనిచేశాడు. "రండి రండి. నేనే కబురు పెడదామనుకుంటున్నా. మీ మాట బ్రహ్మాండంగా పనిచేసిందమ్మా!" టైపు చేసిన ఉత్తరం ఒకటి ఆమె ముందుకి జరిపాడు. "మీరు రాసిచ్చింది పైవాళ్ళకి ఫోన్లో చదివి వినిపించాను. సంఖ్య కన్నా సామర్థ్యం ముఖ్యం అన్నమాట వాళ్ళకి తెగ నచ్చింది. ఇంత సమర్థులు ఐదుగురు దొరికితే మరి తొమ్మిది ఖాళీలూ ఎందుకు, రద్దు చేసేద్దాం అన్నారు. ఇంకెప్పుడూ అడగొద్దన్నారనుకోండి. పరీక్ష పెట్టింది మీరు కాబట్టి మీ సంతకం లేకుండా ఇది చెల్లదు. ఇక్కడ."

ఆమె చదివింది. తన వాక్యం మొదటి పేరాలోనే ఉంది, పొల్లు పోకుండా.

"నా వార్డుకి ఎంతమంది వస్తారండీ?"

"ఐదుగురిని నాలుగు వార్డులకి పంచాలి కదా. మీకొకరు. మహా అయితే ఇద్దరు." గొంతు తగ్గించాడు. "అన్నట్టు, నిన్నటి సంగతి తెలిసింది. ఆ చిన్న సిస్టర్‌కి మెమో ఇస్తున్నాం. ఇలాంటివాళ్ళ వల్లే కదా మీరు అంత గట్టిగా పట్టుబట్టింది."

"ఆ చేతిరాత నాదండీ."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె సంచిలోంచి పద్నాలుగుమంది పేర్లూ ఉన్న మార్కుల జాబితా తీసి ఉత్తరం మీద పెట్టింది.

"మార్కులు మార్చారా?" అన్నాడు, కాస్త ఆశగానే.

"మార్చలేదు. తప్పినవాళ్ళు తప్పినట్టే ఉన్నారు. అడుగున ఇంకో పేరు కలిపాను, చూడండి."

పద్నాలుగు వరసల కింద పదిహేనోది చేత్తో గీసి ఉంది. హెడ్ సిస్టర్, ఆడవాళ్ళ వార్డు. గురువారం ఉదయం పద్దెనిమిదిమంది రోగులకి ఊపిరి ఇరవై అని వేసింది. అసలు ఎంతో తెలియదు, లెక్కపెట్టలేదు. వార్డులో ఉన్నవాళ్ళు ఇద్దరు. ఎదురుగా, మిగతా తొమ్మిదిమందికి ఉన్నట్టే, ఎర్రసిరాతో తప్పింది అని ఉంది.

సూపరింటెండెంట్ కళ్ళజోడు పెట్టుకుని చదివాడు, తీసి మళ్ళీ చదివాడు. "ఇది పైకి వెళ్తే ముందు మీ కుర్చీకే ఎసరు, తెలుసా?"

"తెలుసండీ."

"ఎంత మంచి పేరమ్మా మీకు."

"ఆ పేరు చూసుకునే కదండీ ఆ తొమ్మిదిమందినీ కొట్టేశాను. వాళ్ళని అలా తయారుచేసింది మనిషికి నలభై మంచాలు. ఆ బరువే నన్ను ఒక్క పూటలో తయారుచేసింది. రేపు ఆ ఐదుగుర్నీ కూడా నెల తిరక్కుండా తయారుచేస్తుంది. పద్నాలుగు మందీ కావాలి నాకు. అందులో నేర్చుకోవాల్సినవాళ్ళు తొమ్మిదిమంది, నాతో పదిమంది. పద్నాలుగు పేర్లూ రాసి ఈ కాగితం జతచేసి పంపితే సంతకం పెడతాను. మీ ఉత్తరం మీద పెట్టను. ఆ పిల్లకి మెమో కూడా వద్దు, నాకివ్వండి."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. కిటికీలోంచి కిందికి చూశాడు, గోడ మీద గడియారం వైపు చూశాడు. పైవాళ్ళకి ఏమని చెప్పుకోవాలో ఆయనకి ఇంకా తోచలేదు. "కూర్చోండమ్మా," అన్నాడు చివరికి. "కాస్త టీ తాగుదాం. నిదానంగా ఆలోచిద్దాం."

"కూర్చోలేనండీ. మీరేదో ఒకటి త్వరగా తేల్చండి. వార్డులో పిచ్చుక ఒక్కతే ఉంది."

ఆయన ఒకసారి ఆమె కాళ్ళవైపు చూశాడు. నిలబడ్డచోటే ఒక పాదం గుమ్మం వైపు తిరిగి ఉంది. టైపు చేసిన ఉత్తరాన్ని సొరుగులోకి తోసి, ఆమె జాబితా ముందుకి లాక్కుని, పెన్ను కోసం జేబు తడుముకున్నాడు.